ఒకే కాయిల్‌కు రెండు మీటర్లు, మూడు విలువలు: దేన్ని నమ్మాలి?

రాగితీగ
అందరికీ నమస్కారం. చిన్న బక్ కన్వర్టర్ (డీసీ వోల్టేజీని తగ్గించి ఇచ్చే సర్క్యూట్) ఒకటి కడుతున్నాను. అందులోకి ఐరన్ పౌడర్ టొరాయిడ్ (ఉంగరం ఆకారపు కోర్) మీద కాయిల్ నేనే చుట్టుకున్నాను. లెక్క ప్రకారం 22 మైక్రోహెన్రీలు రావాలి. చుట్టాక కొలిచి చూద్దామని కూర్చుంటే అక్కడ మొదలైంది తిప్పలు.

ట్రాన్సిస్టర్లను కూడా గుర్తుపట్టే కాంపోనెంట్ టెస్టర్ ఉంది కదా, అది 0.03 మిల్లీహెన్రీ అంటోంది. చేతిలో పట్టే ఎల్‌సీఆర్ మీటర్ (ఇండక్టెన్స్, కెపాసిటెన్స్, రెసిస్టెన్స్ కొలిచేది) 1 కిలోహెర్ట్జ్ దగ్గర 24.6 మైక్రోహెన్రీలు చూపిస్తోంది. అదే మీటర్‌ను 100 కిలోహెర్ట్జ్‌కు మారిస్తే 21.9.

కెపాసిటర్ల సంగతి ఇంకా గందరగోళం. 470 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ మల్టీమీటర్‌లో 512 చూపింది. ఎల్‌సీఆర్ మీటర్‌లో 100 హెర్ట్జ్ దగ్గర 455, 10 కిలోహెర్ట్జ్ దగ్గర 22 (అవును, ఇరవై రెండే), 100 కిలోహెర్ట్జ్ దగ్గర ఏకంగా మైనస్. 10 మైక్రోఫారడ్ ఎక్స్‌5ఆర్ సెరామిక్ ఏమో 1 కిలోహెర్ట్జ్ దగ్గర 8.3.

మీటర్ పాడైందా? లేక నాకు వాడటం రావట్లేదా? దేన్ని నమ్మి ముందుకు వెళ్లాలో తెలియక పని ఆగిపోయింది.

షార్ట్‌వేవ్
మీటర్ పాడైనట్టు లేదు. రెండు విషయాలు చెప్పండి. కొలిచే ముందు ఓపెన్, షార్ట్ కాలిబ్రేషన్ (వైర్లను విడిగా ఉంచి, తర్వాత కలిపి, వాటి సొంత విలువలను మీటర్‌తో తీసేయించడం) చేశారా? తెర మీద విలువ పక్కన సిరీస్ అని వస్తోందా, ప్యారలల్ అని వస్తోందా?

రాగితీగ
కాలిబ్రేషన్ చేయలేదండి. మీటర్‌తో వచ్చిన క్లిప్పుల వైర్లు వాడాను, ఒక్కోటి జానెడు పొడవుంటాయి. ఎలక్ట్రోలైటిక్ కొలిచినప్పుడు తెర మీద ప్యారలల్ అని ఉంది. దాన్ని మార్చవచ్చని కూడా ఇప్పుడే చూస్తున్నాను.

పాతబెంచి
రాగితీగ గారూ, అయితే ఆ 22 కూడా సరైన జవాబే. ప్రశ్నే వేరు.

ఎల్‌సీఆర్ మీటర్ కెపాసిటెన్స్‌ను నేరుగా కొలవదు. పార్ట్‌లోకి ఏసీ సిగ్నల్ పంపి, దాని మీద పడే వోల్టేజీ ఎంత, దాంట్లో పారే కరెంటు ఎంత, ఆ రెండిటి మధ్య కోణం ఎంత అని చూస్తుంది. కొలత అక్కడితో అయిపోయింది. మిగిలినదంతా లెక్క. ఆ లెక్క చేయాలంటే మీటర్ ఒక బొమ్మ ఊహించుకోవాలి: లోపల ఒక కెపాసిటర్, దానికి ఒక రెసిస్టర్ సిరీస్‌లో ఉందనుకోవాలా, ప్యారలల్‌లో ఉందనుకోవాలా? ఒకే కొలత నుంచి ఈ రెండు బొమ్మలకూ రెండు వేర్వేరు కెపాసిటెన్స్‌లు వస్తాయి. రెండిటి మధ్య సంబంధం ఇది:

సిరీస్ విలువ = ప్యారలల్ విలువ × (1 + డీ²)

ఇక్కడ డీ అంటే డిసిపేషన్ ఫ్యాక్టర్, అంటే రెసిస్టెన్స్‌ను రియాక్టెన్స్‌తో (కెపాసిటర్ గానీ, కాయిల్ గానీ ఏసీకి చూపే అడ్డు) భాగిస్తే వచ్చేది. డీ చిన్నదైతే రెండు విలువలూ ఒకటే. 100 హెర్ట్జ్ దగ్గర మీ కెపాసిటర్ డీ 0.08 ఉందనుకోండి, తేడా 0.64 శాతం. ఎవరికీ పట్టదు. 10 కిలోహెర్ట్జ్ దగ్గర కథ తిరగబడుతుంది. అక్కడ 430 మైక్రోఫారడ్ల రియాక్టెన్స్ 37 మిల్లీఓమ్‌లే. ఈఎస్‌ఆర్ (కెపాసిటర్‌కు సిరీస్‌లో ఉన్నట్టు లెక్కించే రెసిస్టెన్స్) 0.16 ఓమ్ ఉందనుకుంటే డీ 4.3 అవుతుంది. దాని వర్గానికి 1 కలిపితే దాదాపు 20. 430ని దాంతో భాగిస్తే దాదాపు 22. మీకొచ్చిన అంకె అదే. సిరీస్‌కు మార్చి మళ్లీ చూడండి, 430 దరిదాపుల్లో రావాలి.

ఏ బొమ్మ ఎప్పుడు వాడాలంటే, ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర ఇంపెడెన్స్ (ఏసీకి పార్ట్ చూపే మొత్తం అడ్డు) 10 ఓమ్‌ల కంటే తక్కువైతే సిరీస్, 10 కిలోఓమ్‌ల కంటే ఎక్కువైతే ప్యారలల్. కారణం తెలిస్తే గుర్తుపెట్టుకోనక్కర్లేదు. తక్కువ ఇంపెడెన్స్ పార్ట్‌లో నష్టమంతా లీడ్లు, ఎలక్ట్రోలైట్, తీగ రెసిస్టెన్స్ వల్ల. అవి సిరీస్‌లోనే ఉంటాయి. ఎక్కువ ఇంపెడెన్స్ పార్ట్‌లో నష్టం ఎక్కువగా డైఎలక్ట్రిక్‌లో, లీకేజీలో. అది ప్యారలల్ దారి. మధ్యలో ఉన్నవాటికి తయారీదారు డేటాషీట్‌లో ఏది వాడాడో చూసి అదే వాడండి.

100 కిలోహెర్ట్జ్ దగ్గర మైనస్ గురించి. ఏ ఎలక్ట్రోలైటిక్‌కైనా లీడ్లలో, లోపలి చుట్టలో కాస్త ఇండక్టెన్స్ ఉంటుంది. 15 నానోహెన్రీలే అనుకున్నా, 470 మైక్రోఫారడ్లతో కలిసి అది 60 కిలోహెర్ట్జ్ దగ్గర రెజొనెన్స్‌కు వస్తుంది, అంటే రెండిటి రియాక్టెన్స్‌లూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఆ పైన ఆ పార్ట్ ఇండక్టర్‌గానే ప్రవర్తిస్తుంది. మీటర్ మైనస్ కెపాసిటెన్స్ చూపడం అంటే ఆ మాట చెప్పడమే. పైగా మీ జానెడు వైర్లు కాలిబ్రేషన్ లేకుండా ఉన్నాయి, వాటి ఇండక్టెన్స్ కూడా ఇందులో కలిసింది. తీగ సెంటీమీటరుకు సుమారు 10 నానోహెన్రీలు లెక్కేసుకోవచ్చు.

పవర్‌సప్లై_మిత్ర
పైన చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. 470 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ విలువను తయారీదారు 120 హెర్ట్జ్ దగ్గర, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర చెబుతాడు. టాలరెన్స్ మామూలుగా 20 శాతం అటూ ఇటూ. 100 హెర్ట్జ్ దగ్గర మీకొచ్చిన 455 నిక్షేపంగా ఉంది.

మల్టీమీటర్ 512 ఎందుకు చూపిందంటే, అది ఏసీతో కొలవదు. తెలిసిన కరెంటుతో కెపాసిటర్‌ను నింపుతూ వోల్టేజీ ఎంత వేగంగా పెరుగుతుందో చూస్తుంది. ఇది చాలా నెమ్మదైన పని. ఎలక్ట్రోలైటిక్‌లో డైఎలక్ట్రిక్ మెల్లగా పీల్చుకునే చార్జి కూడా అందులో లెక్కకు వస్తుంది. లీకేజీ ఉంటే ఆ కరెంటు కూడా కెపాసిటర్ నింపడానికే పోయిందని మీటర్ అనుకుంటుంది. అందుకే బాగా లీకయ్యే పాత కెపాసిటర్ మల్టీమీటర్‌లో రాసినదానికంటే ఎక్కువ విలువ చూపించి, చూసేవాళ్లకు ‘ఇంకా బాగుందే’ అనిపిస్తుంది. రిపేర్లు చేసేవాళ్లు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి.

రాగితీగ
పాతబెంచి గారూ, సిరీస్‌కు మార్చాను. 10 కిలోహెర్ట్జ్ దగ్గర 431, ఈఎస్‌ఆర్ 0.16! మీరు కెపాసిటర్ చూడకుండానే చెప్పేశారు.

ఓపెన్, షార్ట్ కూడా చేశాను. కాయిల్ ఇప్పుడు 100 కిలోహెర్ట్జ్ దగ్గర 21.7, 10 కిలోహెర్ట్జ్ దగ్గర 22.1. 1 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రం 22.8 చుట్టూ తిరుగుతోంది, చివరి అంకె నిలవట్లేదు. ఇది కాయిల్ లక్షణమా, మీటర్ లోపమా?

ఫెర్రైట్_ఉంగరం
ఇప్పుడు నాకు ఇష్టమైన చోటికి వచ్చారు.

1 కిలోహెర్ట్జ్ దగ్గర 22 మైక్రోహెన్రీల రియాక్టెన్స్ ఎంత? 0.138 ఓమ్. క్లిప్పు పళ్లు తీగను పట్టుకున్న చోట ఉండే కాంటాక్ట్ రెసిస్టెన్స్ కూడా పదుల మిల్లీఓమ్‌లు ఉండొచ్చు, పైగా క్లిప్పు కదిలితే మారుతుంది. మీటర్ ఈ రెసిస్టెన్స్‌ను, రియాక్టెన్స్‌ను కోణం చూసి విడదీయాలి. 0.138 ఓమ్ దగ్గర చేతి మీటర్‌కు అది కష్టం. 100 కిలోహెర్ట్జ్ దగ్గర అదే కాయిల్ 13.8 ఓమ్‌లు, హాయిగా కొలవగల చోటు. కాబట్టి 1 కిలోహెర్ట్జ్ దగ్గరి ఊగిసలాటలో ఎక్కువ భాగం మీటర్ హద్దు. 10 నుంచి 100 కిలోహెర్ట్జ్‌కు వెళ్తే తగ్గిన 0.4 మాత్రం కోర్‌దే కావచ్చు. పౌడర్ కోర్ల పర్మియబిలిటీ (అయస్కాంత క్షేత్రాన్ని తమలో పారనిచ్చే గుణం) ఫ్రీక్వెన్సీతో కొంచెం తగ్గుతుంది.

మీటర్ ప్రకటనలో రాసే 0.2 శాతం, 0.3 శాతం కచ్చితత్వం అన్ని విలువలకూ వర్తించదు. మాన్యువల్‌లో ఇంపెడెన్స్ శ్రేణిని బట్టి ఒక పట్టిక ఉంటుంది. రెండు చివర్లకూ వెళ్తున్నకొద్దీ అది పడిపోతుంది. కొలవబోయే పార్ట్ ఇంపెడెన్స్‌ను ముందుగా ఒక లెక్క వేసుకుని, పట్టికలో మంచి గడిలో పడే ఫ్రీక్వెన్సీ ఎంచుకోవడం సగం పని. 10 పికోఫారడ్ల కెపాసిటర్ 1 కిలోహెర్ట్జ్ దగ్గర 16 మెగాఓమ్‌లు, అక్కడ కొలిచి ప్రయోజనం లేదు. 100 కిలోహెర్ట్జ్ దగ్గర 159 కిలోఓమ్‌లు, కొలవవచ్చు.

ఇక కాయిళ్లకే ప్రత్యేకమైన కొన్ని చిక్కులు.

మెటల్ టేబుల్ మీద పెట్టి కొలవకండి. ఎయిర్ కోర్ కాయిల్, ఓపెన్ డ్రమ్ కోర్ కాయిల్ అయితే మరీను. కింద అల్యూమినియం రేకు ఉంటే అందులో ఎడ్డీ కరెంట్లు (లోహంలో సుడులు తిరిగే కరెంట్లు) పుట్టి ఇండక్టెన్స్ తగ్గిపోతుంది. పక్కన ఇనుప స్క్రూడ్రైవర్ ఉంటే పెరగొచ్చు, నష్టం కూడా పెరుగుతుంది. టొరాయిడ్‌కు ఈ బెడద తక్కువ.

టెస్ట్ సిగ్నల్ స్థాయి కూడా ముఖ్యం. ఫెర్రైట్ పర్మియబిలిటీ దానిలో నడిచే అయస్కాంత ఫ్లక్స్‌ను బట్టి మారుతుంది. ఎక్కువ పర్మియబిలిటీ కోర్ మీద చుట్టిన కామన్ మోడ్ చోక్‌ను రెండు వేర్వేరు మీటర్లతో ఒకే ఫ్రీక్వెన్సీలో కొలిచినా తేడా రావడానికి మొదటి కారణం ఇదే. రెండు మీటర్లూ వేర్వేరు కరెంటు పంపుతాయి.

మూడోది సొంత రెజొనెన్స్. చుట్ల మధ్య ఉండే కెపాసిటెన్స్‌తో కాయిల్ ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర రెజొనేట్ అవుతుంది. దానికి దగ్గరగా వెళ్తున్నకొద్దీ మీటర్ అసలు కంటే ఎక్కువ ఇండక్టెన్స్ చూపిస్తుంది. రెజొనెన్స్‌లో పదో వంతు ఫ్రీక్వెన్సీ దగ్గర పొరపాటు 1 శాతం. మూడో వంతు దగ్గర 12.5 శాతం. అంటే 300 కిలోహెర్ట్జ్ దగ్గర రెజొనేట్ అయ్యే 10 మిల్లీహెన్రీల చోక్‌ను 100 కిలోహెర్ట్జ్‌లో కొలిస్తే 11.25 కనిపిస్తుంది. మీ టొరాయిడ్‌లో 10 పికోఫారడ్లు ఉన్నాయనుకున్నా రెజొనెన్స్ 10 మెగాహెర్ట్జ్ పైనే, మీకు దిగులు లేదు.

కొత్తసోల్డర్
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నా దగ్గర ఎల్‌సీఆర్ మీటర్ లేదు. ఆసిలోస్కోప్, ఫంక్షన్ జనరేటర్ ఉన్నాయి. వీటితో కాయిల్ కచ్చితంగా కొలవడం అయ్యే పనేనా?

షార్ట్‌వేవ్
భేషుగ్గా అవుతుంది. రేడియో పనిలో నేను ఎల్‌సీఆర్ మీటర్ కంటే దీన్నే ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే కాయిల్‌ను అది పనిచేయబోయే ఫ్రీక్వెన్సీకి దగ్గర్లోనే కొలుస్తాం.

విలువ కచ్చితంగా తెలిసిన కెపాసిటర్‌ను కాయిల్‌కు ప్యారలల్‌లో కట్టండి. సీ0జీ (విలువ దాదాపు మారని రకం) సెరామిక్ గానీ, పాలిప్రొపిలీన్ గానీ, 1 శాతం టాలరెన్స్‌వి. జనరేటర్ నుంచి స్క్వేర్ వేవ్‌ను చాలా చిన్న కెపాసిటర్ ద్వారా, 1 లేదా 2 పికోఫారడ్లు, లేకపోతే 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ఈ జంటకు ఇవ్వండి. స్క్వేర్ వేవ్ ప్రతి అంచు దగ్గరా జంట గంట కొట్టినట్టు మోగి ఆగుతుంది. ఆ మోత ఫ్రీక్వెన్సీని స్కోప్‌లో కొలవండి. ఒక్క సైకిల్ కాకుండా పది సైకిళ్ల కాలం కొలిచి భాగిస్తే మేలు.

ఇండక్టెన్స్ = 1 ÷ ((2 × పై × ఫ్రీక్వెన్సీ)² × కెపాసిటెన్స్)

1 నానోఫారడ్‌తో 503 కిలోహెర్ట్జ్ వస్తే కాయిల్ 100 మైక్రోహెన్రీలు. ఫ్రీక్వెన్సీ వర్గం ఉంది కాబట్టి దానిలో 1 శాతం పొరపాటు ఇండక్టెన్స్‌లో 2 శాతం అవుతుంది. ఫ్రీక్వెన్సీ కొలవడం స్కోప్‌కు సులువు గనుక భయం లేదు. అసలు పొరపాటు కెపాసిటెన్స్ నుంచి వస్తుంది. ప్రోబ్‌ను 10 రెట్ల స్థానంలో పెట్టండి. అప్పుడు అది 10 నుంచి 15 పికోఫారడ్లు కలుపుతుంది. 1 రెట్టు స్థానంలో 100 పికోఫారడ్ల దాకా కలుపుతుంది, 1 నానోఫారడ్ పక్కన అది 10 శాతం.

ప్రోబ్‌ను, కాయిల్ సొంత కెపాసిటెన్స్‌ను లెక్కలోంచి పూర్తిగా తీసేయడానికి ఒక పద్ధతి ఉంది. మూడు నాలుగు వేర్వేరు తెలిసిన కెపాసిటర్లతో కొలవండి. అడ్డంగా కెపాసిటెన్స్, నిలువుగా ఫ్రీక్వెన్సీ వర్గానికి విలోమం వేసి గ్రాఫ్ గీయండి. సరళరేఖ వస్తుంది. దాని వాలు నుంచి ఇండక్టెన్స్ వస్తుంది. రేఖను వెనక్కి పొడిగిస్తే అడ్డగీతను సున్నాకు ఎడమవైపు ఎక్కడ తాకుతుందో, అది దాగి ఉన్న కెపాసిటెన్స్ మొత్తం. బిందువులు రేఖ మీద పడకపోతే మీ తెలిసిన కెపాసిటర్లలో ఏదో ఒకటి రాసినట్టు లేదని కూడా అదే చెప్పేస్తుంది. ఇంత సమాచారం ఏ మీటర్ ఇచ్చే ఒక్క రీడింగ్ నుంచీ రాదు.

ఎల్‌ఎం311 కంపారేటర్‌తో, మైక్రోకంట్రోలర్‌తో ఇంట్లో కట్టుకునే ఎల్‌సీ మీటర్లు కూడా ఈ సూత్రం మీదే నడుస్తాయి. లోపల ఒక ఎల్‌సీ ఆసిలేటర్ ఉంటుంది. తెలిసిన కెపాసిటర్ కలిపితే ఫ్రీక్వెన్సీ ఎంత పడిందో చూసి తన లోపలి విలువలను తానే తెలుసుకుంటుంది. చిన్న పికోఫారడ్లకూ, చిన్న మైక్రోహెన్రీలకూ చాలా బాగుంటాయి. ఎలక్ట్రోలైటిక్‌లకు పనికిరావు. ఇంకో పరిమితి: పార్ట్ మారితే టెస్ట్ ఫ్రీక్వెన్సీ కూడా మారిపోతుంది, ఎంతలో కొలిచిందో చూపించదు.

కొత్తసోల్డర్
గ్రాఫ్ పద్ధతి చాలా నచ్చింది. ధన్యవాదాలండి, ఇవాళే మొదలుపెడతాను.

పవర్‌సప్లై_మిత్ర
> కాయిల్ ఇప్పుడు 100 కిలోహెర్ట్జ్ దగ్గర 21.7

బాగుంది. కానీ బక్ కన్వర్టర్‌లో ఆ కాయిల్ మీద ఎప్పుడూ డీసీ కరెంటు ఉంటుంది. ఎల్‌సీఆర్ మీటర్ కొలిచింది దాదాపు సున్నా కరెంటు దగ్గరి విలువ. 3 యాంపియర్లు పారుతుంటే అది ఎంత మిగులుతుందో మీటర్ చెప్పదు. మీ కన్వర్టర్ బతకడం, చావడం దాని మీదే ఆధారపడి ఉంది.

దీనికి డీసీ బయాస్ యూనిట్ అక్కర్లేదు. మాస్‌ఫెట్ ఒకటి, పెద్ద కెపాసిటర్‌తో 12 వోల్టుల సప్లై, కరెంటు చూడటానికి తక్కువ విలువ షంట్ రెసిస్టర్, కాయిల్‌కు అడ్డంగా ఫ్రీవీల్ డయోడ్. మాస్‌ఫెట్‌ను కొన్ని మైక్రోసెకన్లు మాత్రమే ఆన్ చేసి కరెంటు స్కోప్‌లో చూడండి. 22 మైక్రోహెన్రీల మీద 12 వోల్టులు పెడితే కరెంటు మైక్రోసెకనుకు 0.55 యాంపియర్ చొప్పున పెరగాలి, 10 మైక్రోసెకన్లకు 5.5 యాంపియర్లు. గీత తిన్నగా ఉన్నంత వరకు కాయిల్ నిలబడింది. ఎక్కడ పైకి వంగడం మొదలైతే అక్కడ శాచురేషన్, అంటే కోర్ ఇక ఎక్కువ ఫ్లక్స్ మోయలేని స్థితి. ఫెర్రైట్ అయితే గీత ఒక్కసారిగా పైకి లేస్తుంది, పౌడర్ కోర్ అయితే మెల్లగా వంగుతుంది. పల్సుల మధ్య చాలా గ్యాప్ ఇవ్వండి, లేకపోతే కోర్, మాస్‌ఫెట్ వేడెక్కి కొలత మారుతుంది.

మీ 10 మైక్రోఫారడ్ సెరామిక్ కథ కూడా ఇలాంటిదే. క్లాస్ 2 సెరామిక్‌లు (ఎక్స్‌5ఆర్ ఈ రకమే) డీసీ వోల్టేజీ పెరిగితే కెపాసిటెన్స్ కోల్పోతాయి. చిన్న సైజు ప్యాకేజీలో ఎక్కువ విలువ ఇరికించినవి రేటెడ్ వోల్టేజీ దగ్గర సగం కంటే ఎక్కువ పోగొట్టుకోవడం మామూలే. ఎక్స్‌5ఆర్ అన్న పేరు మైనస్ 55 నుంచి 85 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రత వల్ల మార్పు 15 శాతం లోపు అని మాత్రమే హామీ ఇస్తుంది. వోల్టేజీ గురించి అందులో ఒక్క మాట కూడా లేదు.

రాగితీగ
కానీ నేను డీసీ ఏమీ పెట్టలేదు కదా. అయినా 8.3 ఎందుకు?

పాతబెంచి
ఏసీ తక్కువైంది. క్లాస్ 2 సెరామిక్‌కు టెస్ట్ సిగ్నల్ స్థాయి కూడా విలువను మారుస్తుంది. 10 మైక్రోఫారడ్ల వరకు సాధారణంగా 1 కిలోహెర్ట్జ్, 1 వోల్ట్ ఆర్ఎంఎస్ దగ్గర కొలిచి విలువ రాస్తారు. అంతకు పైన 120 హెర్ట్జ్, 0.5 వోల్ట్. చేతి మీటర్ 0.5 వోల్ట్ పంపుతుందనుకోండి, దాని అవుట్‌పుట్ రెసిస్టెన్స్ 100 ఓమ్‌లనుకోండి. మీ కెపాసిటర్ రియాక్టెన్స్ 1 కిలోహెర్ట్జ్ దగ్గర 15.9 ఓమ్‌లు. వోల్టేజీలో ఎక్కువ భాగం మీటర్ లోపలే పడిపోయి, కెపాసిటర్ మీద 0.08 వోల్ట్ మాత్రమే మిగులుతుంది. స్థాయి తగ్గితే ఈ సెరామిక్ తక్కువ కెపాసిటెన్స్ చూపిస్తుంది. బెంచి మీటర్లలో ఆటోమేటిక్ లెవెల్ కంట్రోల్ ఉండేది అందుకే.

దీనికి తోడు వయసు. ఈ రకం సెరామిక్ చివరిసారి బాగా వేడెక్కినప్పటి నుంచి కెపాసిటెన్స్ క్రమంగా తగ్గుతూ వస్తుంది, గంటలు పదిరెట్లు అయిన ప్రతిసారీ కొన్ని శాతాలు. 125 డిగ్రీలు దాటేలా వేడి చేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. సోల్డర్ చేసిన వెంటనే కొలిస్తే ఎక్కువ కనిపించడానికి ఇదొక కారణం. వేడి చేశాక ఒక రోజు ఆగి కొలవాలి. వేళ్లతో పట్టుకుని ఆ వేడి మీదే కొలవడం కూడా మానుకోండి.

సీ0జీకి ఇవేవీ లేవు. ఉష్ణోగ్రత వల్ల మార్పు డిగ్రీకి మిలియన్‌లో 30 భాగాల లోపు, వోల్టేజీ ప్రభావం లెక్కలోకి రాదు. అందుకే మీటర్‌ను సరిచూసుకోవడానికి అది వాడమనేది.

ఫెర్రైట్_ఉంగరం
షార్ట్ కాలిబ్రేషన్ ఎలా చేశారో కూడా చెప్పండి రాగితీగ గారూ. రెండు క్లిప్పులను ఒకదానితో ఒకటి కరిపించారా?

రాగితీగ
అవునండి, ఒకదాన్ని ఒకటి పట్టుకునేలా పెట్టాను. ఓపెన్‌కేమో రెండిటినీ దూరంగా పెట్టాను.

ఫెర్రైట్_ఉంగరం
22 మైక్రోహెన్రీలకు ఫరవాలేదు. 1 మైక్రోహెన్రీ కొలిచేటప్పుడు మాత్రం అది చాలదు. షార్ట్, ఓపెన్ అన్నవి ఖాళీ గిన్నె తూకం తీసేయడం లాంటివి. గిన్నె మారితే తూకం పనికిరాదు. వైర్లు పార్ట్ కొలిచేటప్పుడు ఎంత దూరంలో, ఏ ఆకారంలో ఉంటాయో అదే ఆకారంలో ఉంచి, మధ్యలో పొట్టిగా మందంగా ఉన్న రాగి ముక్క పెట్టి షార్ట్ చేయండి. తర్వాత ఆ ముక్క తీసి, వైర్లను కదల్చకుండా ఓపెన్ చేయండి. వైర్లు వెడల్పుగా తెరిస్తే లూప్ పెరిగి ఇండక్టెన్స్ పెరుగుతుంది, దగ్గర చేస్తే వాటి మధ్య కెపాసిటెన్స్ పెరుగుతుంది. పికోఫారడ్లు కొలిచేటప్పుడు వైర్ల మీద చేయి పెట్టినా అంకె మారడం చూస్తారు.

వీలైతే వైర్లు వదిలేసి, మీటర్ మీద ఉండే గాడిలోనే నేరుగా పెట్టండి. చిన్న ఎస్‌ఎండీలకు (బోర్డు ఉపరితలం మీదే సోల్డర్ చేసే పార్టులు) నాలుగు తీగల ట్వీజర్లు. కరెంటు పంపే తీగలు, వోల్టేజీ చూసే తీగలు పార్ట్ దాకా విడివిడిగా వస్తే కాంటాక్ట్ రెసిస్టెన్స్ బెడద చాలావరకు పోతుంది. మీటర్‌లో గార్డ్ టెర్మినల్ ఉంటే షీల్డును దానికే కలపండి. పార్ట్‌కు కలపకూడదు.

షార్ట్‌వేవ్
క్యూ (రియాక్టెన్స్‌ను రెసిస్టెన్స్‌తో భాగిస్తే వచ్చేది) గురించి ఎవరూ అనలేదు, నేను అంటాను. మంచి కాయిల్‌కు ఎల్‌సీఆర్ మీటర్ చూపే క్యూను నమ్మి ఫిల్టర్ డిజైన్ చేయకండి. క్యూ 200 అంటే కోణం 90 డిగ్రీలకు 0.29 డిగ్రీ మాత్రమే తక్కువ. మీటర్ కోణం కొలవడంలో 0.1 డిగ్రీ తప్పితే క్యూ 148 నుంచి 307 వరకు ఎక్కడైనా కనిపించవచ్చు. ఇండక్టెన్స్ మాత్రం మూడు అంకెల వరకు సరిగానే ఉంటుంది, అందుకే మోసపోతాం. ఫిల్మ్ కెపాసిటర్ల డీ కూడా అంతే: మీటర్ డీ పొరపాటు 0.002 అయితే, అసలు డీ 0.0005 ఉన్న పాలిప్రొపిలీన్ గురించి ఆ రీడింగ్ ఏమీ చెప్పలేదు.

ఎక్కువ క్యూ కావాలంటే రెజొనెన్స్‌లో పెట్టి, సగం పవర్ బిందువుల మధ్య వెడల్పు కొలవండి. మధ్య ఫ్రీక్వెన్సీని ఆ వెడల్పుతో భాగిస్తే క్యూ. ప్రోబ్‌ను గట్టిగా తగిలించకండి, ప్రోబే క్యూను తినేస్తుంది.

కొత్తసోల్డర్
గ్రాఫ్ వేశాను, రేఖ చక్కగా వచ్చింది. ఒక సందేహం. మనం తెలిసిన కెపాసిటర్ అంటున్నాం. దాని విలువ ఎవరు కొలిచారు? వాళ్ల మీటర్‌ను ఎవరు సరిచూశారు? ఎక్కడో ఒకచోట ఆగాలి కదా.

పాతబెంచి
మంచి ప్రశ్న, నాకు చాలా ఇష్టమైనది కూడా.

మొదట, ఆధారంగా కెపాసిటర్‌ను ఎందుకు పట్టుకుంటామంటే అది కాయిల్ కంటే ఆదర్శానికి చాలా దగ్గరగా ఉంటుంది. కాయిల్‌కు తీగ రెసిస్టెన్స్, చుట్ల కెపాసిటెన్స్, చుట్టుపక్కల లోహాల ప్రభావం తప్పవు. మ్యాక్స్‌వెల్-వీన్ బ్రిడ్జి తెలియని కాయిల్‌ను కెపాసిటర్, రెసిస్టర్లతో మాత్రమే తూచింది అందుకే.

ఇక ఆ కెపాసిటర్‌ను ఎవరు కొలుస్తారంటే, దాన్ని కొలవకుండా లెక్క కట్టవచ్చు. 1956లో ఆస్ట్రేలియాలో థాంప్సన్, లాంపర్డ్ ఒక సిద్ధాంతం ప్రచురించారు. నాలుగు పొడవాటి లోహపు కడ్డీలను చతురస్రంలా సమాంతరంగా నిలబెట్టి, ఎదురెదురు కడ్డీల మధ్య కెపాసిటెన్స్ తీసుకుంటే, అది కడ్డీల మందం మీద గానీ, వాటి మధ్య దూరం మీద గానీ ఆధారపడదు. పొడవు మీద మాత్రమే ఆధారపడుతుంది: శూన్యంలో మీటరుకు 1.9535 పికోఫారడ్లు. అంటే పొడవును కాంతి తరంగాలతో కొలిస్తే కెపాసిటెన్స్ వచ్చేస్తుంది. దేశాల ప్రమాణ సంస్థలు ఈ పరికరాన్ని కట్టుకుని ఫారడ్‌ను అక్కడి నుంచి దించుకొచ్చాయి. గొలుసు ఆగే చోటు ఒక పొడవు అన్నమాట. నాకిది ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

ఇంట్లో సరిచూసుకోవడానికి అంత దూరం వెళ్లనక్కర్లేదు. 100 ఓమ్, 1 కిలోఓమ్, 10 కిలోఓమ్ మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు మంచివి తీసుకుని, మీటర్‌ను ఏసీ రెసిస్టెన్స్‌లో పెట్టి అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ కొలవండి. విలువ మారకూడదు, కోణం సున్నాకు దగ్గరగా ఉండాలి. కోణం తేలుతోందంటే మీటర్ గానీ, కాలిబ్రేషన్ గానీ తేడాగా ఉంది. ఆ తర్వాత 1 నానోఫారడ్, 10 నానోఫారడ్ సీ0జీలు చూడండి. వాటిని ఒక డబ్బాలో విడిగా పెట్టుకోండి, సర్క్యూట్‌లో వాడకండి.

పవర్‌సప్లై_మిత్ర
రిపేరు పనికి ఇంత అవసరమా అని ఎవరైనా అనుకోవచ్చు. బోర్డు మీదే కెపాసిటర్ మంచిదా చెడ్డదా తేల్చడానికి 100 కిలోహెర్ట్జ్ ఈఎస్‌ఆర్ మీటర్ చాలని నా అభిప్రాయం. టెస్ట్ వోల్టేజీ 0.2 వోల్ట్ లోపు ఉంటే పక్కనున్న డయోడ్లు, ట్రాన్సిస్టర్లు ఆన్ కావు గనుక కెపాసిటర్ పీకకుండానే చూడవచ్చు.

పాతబెంచి
ఈఎస్‌ఆర్ వరకు ఒప్పుకుంటాను, కెపాసిటెన్స్‌కు ఒప్పుకోను. ప్యారలల్‌లో నాలుగు కెపాసిటర్లు ఉంటే ఒక మంచిది మిగతా మూడింటి చెడును ఈఎస్‌ఆర్ మీటర్ నుంచి కూడా దాచేస్తుంది. పైగా ఈఎస్‌ఆర్ బాగుండి లీకేజీ ఎక్కువున్నవి ఉంటాయి. అనుమానం వస్తే కనీసం ఒక కాలు విప్పి, రేటెడ్ వోల్టేజీ మీద లీకేజీ కూడా చూడాలి.

పవర్‌సప్లై_మిత్ర
ప్యారలల్ సంగతి నిజమే. లీకేజీ మాటా నిజమే, నేను కూడా చివరికి విప్పే చూస్తాను. తొలి వడపోతకు మాత్రం ఈఎస్‌ఆర్ మీటర్‌ను వదలను.

కొత్తవాళ్లు చదువుతున్నారు కాబట్టి ఇది తప్పకుండా రాయాలి: ఏ మీటర్ తగిలించే ముందైనా కెపాసిటర్‌ను రెసిస్టర్ ద్వారా డిస్‌చార్జి చేసి, వోల్ట్ మీటర్‌తో సరిచూసి, ఆ తర్వాతే కొలవండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి. పెద్ద ఎలక్ట్రోలైటిక్‌లలో డిస్‌చార్జి చేశాక కూడా కాసేపటికి కొంత వోల్టేజీ తిరిగి లేస్తుంది. సప్లై ప్రైమరీ వైపు 300 వోల్టుల పైన నిల్వ ఉంటుంది. మీటర్ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.

రాగితీగ
పల్స్ టెస్ట్ కట్టాను. గీత 4 యాంపియర్ల వరకు దాదాపు తిన్నగా ఉంది, ఆ తర్వాత మెల్లగా పైకి వంగుతోంది. వాలు నుంచి లెక్కేస్తే మొదట్లో 21 మైక్రోహెన్రీలు, 4 యాంపియర్ల దగ్గర 17. నా కన్వర్టర్‌లో గరిష్ఠం 3.2 యాంపియర్లు. ఇది చాలా? ఇంకో రెండు చుట్లు వేయాలా?

పవర్‌సప్లై_మిత్ర
చుట్లు పెంచితే అదే కరెంటుకు కోర్‌లో ఫ్లక్స్ కూడా పెరిగి ఇంకా ముందే వంగుతుంది, కాబట్టి పెంచకండి. 3.2 దగ్గర వాలు చదివి, ఆ విలువతో రిపుల్ కరెంటు (కాయిల్ కరెంటులో పైకీ కిందికీ ఊగే భాగం) మళ్లీ లెక్కేయండి. అది కంట్రోలర్ కరెంటు లిమిట్ లోపల ఉంటే ఈ కాయిల్‌తోనే వెళ్లిపోవచ్చు. అవుట్‌పుట్ సెరామిక్‌కు మాత్రం 10 మైక్రోఫారడ్లని వేసుకోకుండా, మీ అవుట్‌పుట్ వోల్టేజీ దగ్గర డేటాషీట్ గ్రాఫ్‌లో ఎంత మిగులుతుందో అది వేసుకోండి. కోర్ వేడెక్కాక పల్స్ టెస్ట్ ఇంకోసారి చేసి ఆ స్కోప్ బొమ్మ ఇక్కడ పెట్టండి, చూద్దాం.